గోడ మీది పటమూ, కంప్యూటరులోని పటమూ – తేడా ఏమిటి?



ఈ నెల గోడపత్రికలో విజ్ఞానం పేజీ నాకు ఇచ్చేరు. నేను పటాల గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఈ సంవత్సరం మా ఇంట్లో ఒక పటం వల్ల పెద్ద గొడవ జరిగింది. అది చివర్న చెప్తాను. మా ఇంట్లో బడికి వచ్చినది నేనే మొదట. ఇంట్లో మేం మాట్లాడేది కూడా తెలుగు కాదు. కనుక తప్పులుంటే మన్నించి, పక్కన పెన్సిలుతో దిద్దండి. చింపకండి.

మా ఊరు పటంలో ఎందుకు లేదు?

నేను ఆరో తరగతిలో చేరినప్పుడు సోషల్ టీచర్ గారు రాష్ట్ర పటం తగిలించి, "మీ మీ ఊర్లు చూపించండి" అన్నారు. పాడేరు కనిపించింది. అరకు కనిపించింది. మా ఊరు కనిపించలేదు. ఒకవేళ వెనకవైపు ఉందేమోనని పటం తిప్పి చూసేను. అందరూ నవ్వేరు. మాది చిన్న ఊరు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదేమో అని ఆ రాత్రి ఏడ్చేను.

అసలు కారణం ఇప్పుడు తెలిసింది. దాని పేరు స్కేలు. ఆ గోడ పటంలో 1 సెంటీమీటరు అనగా భూమి మీద 10 కిలోమీటర్లు. మా ఊరు ఈ చివర నుండి ఆ చివరకి 100 మీటర్లు ఉంటుంది. లెక్క కట్టండి. పటం మీద మా ఊరు మిల్లీమీటరులో పదో వంతు వస్తుంది. పెన్సిలు గీత దానికన్నా లావు! అంటే కావాలని వదిలేయలేదు. ఆ కాగితం మీద మా ఊరికి చోటు లేదు.

సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో షీటు అని ఇంకొక పటం ఉంటుంది. దాని స్కేలు 50 వేలకు 1. అందులో 1 సెంటీమీటరు అంటే 500 మీటర్లు. అందులో అయితే మా ఊరు 2 మిల్లీమీటర్లు వస్తుంది. కొండల ఎత్తు చూపడానికి అందులో గోధుమ రంగు గీతలుంటాయి. ఒక గీతకీ పక్క గీతకీ ఎత్తులో 20 మీటర్లు తేడా. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్రమైన కొండ, దూరంగా ఉంటే చదును అని గుర్తు. మన ఊర్ల దగ్గర గీతలు చాపలో పుల్లల్లాగ ఇరుక్కుని ఉంటాయి.

కాగితం పటాలు ఎలా చేసేరు?

సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలయ్యింది. 1802లో విలియం లాంబ్టన్ అనే దొర మద్రాసు దగ్గర సుమారు 12 కిలోమీటర్ల గీతను గొలుసుతో కొలిచి, అక్కడ నుండి దేశాన్ని త్రిభుజాలుగా కొలవడం మొదలుపెట్టేరు. ఒక భుజం పొడవు తెలిసి, రెండు చివర్ల నుండి దూరంలోని కొండను చూసి కోణాలు కొలిస్తే, మిగతా రెండు భుజాలు నడవకుండానే లెక్కలో వచ్చేస్తాయి. ఇది మన జామెట్రీయే. కోణాలు కొలిచే యంత్రం పేరు థియోడలైటు. ఆయన వాడినది అరటన్ను బరువు ఉండేది. దాన్ని కొండల మీదకి మోసినది మనుషులే. 1823లో ఆయన చనిపోయేరు గానీ కొలత ఆగలేదు. తర్వాత జార్జి ఎవరెస్టు గారు కొనసాగించేరు. ఆయన పేరే ఎవరెస్టు శిఖరానికి పెట్టేరు.

పల్లెల్లో పొలాలను కూడా గొలుసుతోనే కొలిచేవారు. ఒక గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లంకెలు. 66ను 66తో గుణిస్తే 4,356 చదరపు అడుగులు. దీనికి పదింతలు 43,560. అది ఒక ఎకరం. అంటే ఒక చదరపు గొలుసు పది సెంట్లు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇలా చేసిన పటం మంచిదే. కరెంటు అక్కరలేదు, గోడకి తగిలిస్తే అందరం ఒకేసారి చూడొచ్చు. కానీ ఒకసారి అచ్చు అయితే అంతే. మన క్లాసు పటంలో మన ఊర్లు విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యేయి, మనది అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యింది. పటం మాత్రం మారలేదు. మా మానిటరు అక్క కొత్త పేరు కాగితం ముక్క మీద రాసి, అన్నం మెతుకులతో అంటించింది. అది కూడా వంకరగా ఉంది.

జి.ఐ.ఎస్. అంటే ఏమిటి?

జి.ఐ.ఎస్. అనగా భౌగోళిక సమాచార వ్యవస్థ. పేరు పెద్దది గానీ విషయం తేలిక. నేను చెప్పే పని మీరు కూడా చెయ్యండి.

మన హాస్టలు బొమ్మ ఒక చార్టు మీద గీయండి. గదులు, మంచాలు, కిటికీలు వెయ్యండి. దాని మీద ట్రేసింగు పేపరు పెట్టి కుళాయిలు మాత్రం గుర్తు పెట్టండి. ఇంకో ట్రేసింగు పేపరు మీద కిటికీ జాలీలు ఎక్కడెక్కడ చిరిగేయో పెట్టండి. ఇంకో దాని మీద జ్వరం వచ్చిన వాళ్ళ మంచాలు పెట్టండి. ఇప్పుడు అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. ఒక్కొక్క కాగితం ఒక పొర. కావలసిన పొర ఉంచుకోవచ్చు, అక్కరలేనిది తీసేయొచ్చు. జి.ఐ.ఎస్.లో మొదటి సంగతి ఇదే.

రెండో సంగతి రిజిష్టరు. చార్టు మీద ప్రతి మంచానికీ ఒక నెంబరు ఉందనుకోండి. అదే నెంబరు వార్డెన్ మేడమ్ గారి రిజిష్టరులో కూడా ఉంటుంది. నెంబరు చూస్తే ఆ అమ్మాయి పేరు, తరగతి, ఊరు, ఎప్పుడు జ్వరం వచ్చిందీ అన్నీ దొరుకుతాయి. కంప్యూటరులో పటం మీది ప్రతి చుక్కకీ ఇలాగే ఒక రిజిష్టరు వరుస అతికి ఉంటుంది. చుక్కను నొక్కితే వరుస తెరుచుకుంటుంది. వరుసను మారిస్తే పటం మారుతుంది. కాగితం పటం చూడడానికి పనికి వస్తుంది. జి.ఐ.ఎస్.ని ప్రశ్న అడగడానికి కూడా వీలవుతుంది. "ఆసుపత్రికి 5 కిలోమీటర్ల కన్నా దూరంగా ఉండి, వానాకాలంలో గెడ్డ దాటవలసిన ఊర్లు ఏవి?" అని అడిగితే, ఆ వివరాలు ఎక్కించి ఉంటే, అది ఏరి చూపిస్తుంది.

మూడో సంగతి చోటు. భూమి మీద ప్రతి చోటుకీ అక్షాంశం, రేఖాంశం ఉన్నాయి. జి.ఐ.ఎస్.లో ప్రతి వస్తువునీ ఆ అంకెలతో దాస్తారు. అందుకే రకరకాల స్కేలు పటాలు కూడా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కావలసినంత పెద్దది చేసి చూడొచ్చు. కానీ ఒక జాగ్రత్త. చిన్న స్కేలు పటం నుండి ఎక్కించిన గీతను ఎంత పెద్దది చేసినా, అందులో లేని వివరం కొత్తగా పుట్టదు. పలచటి పులుసుని పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడదు కదా!

ఈ పద్ధతి 1960లలో కెనడా దేశంలో మొదలయ్యింది. ఏ భూమి సాగుకి మంచిది, ఏది అడవికి మంచిది అని ఆ ప్రభుత్వం లెక్క తీయాలనుకుంది. పటాలు వేల కొద్దీ ఉన్నాయి. చేత్తో పోల్చాలంటే చాలా మంది, చాలా ఏళ్ళు కావాలి. రోజర్ టామ్లిన్సన్ అనే ఆయన ఆ పని కంప్యూటరుతో చేయించేరు. ఆయన్ని జి.ఐ.ఎస్. పితామహుడు అంటారు.

కంప్యూటరు లేని జి.ఐ.ఎస్.

1854లో లండన్ పట్నంలో కలరా వచ్చింది. గాలి వల్ల వస్తుందని చాలామంది అనుకునేవారు. జాన్ స్నో అనే డాక్టరు వీధుల పటం తీసుకుని, చనిపోయిన వాళ్ళ ఇళ్ళ దగ్గర గీతలు పెట్టేరు. నీటి పంపులు కూడా గుర్తించేరు. బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గీతలు గుంపుగా ఉన్నాయి. ఆ పంపు పిడి తీయించేరు. ఇళ్ళు ఒక పొర, పంపులు ఒక పొర, అంతే.

మేం కూడా వానాకాలంలో జ్వరం మంచాలను ఇలాగే ట్రేసింగు పేపరు మీద పెట్టేం. ఎక్కువ మంది జాలీ చిరిగిన రెండు కిటికీల దగ్గరే ఉన్నారు. మేడమ్ గారు చూసి జాలీలు వేయించేరు. దోమలే కారణం అని పటం చెప్పలేదు. ఎక్కడ ముందు చూడాలో చెప్పింది.

ఆకాశం నుండి వచ్చే గళ్ళు

జి.ఐ.ఎస్.లో బొమ్మ రెండు రకాలుగా దాస్తారు. మొదటిది మన లెక్కల పుస్తకం లాంటిది: బావి అంటే బిందువు, గెడ్డ అంటే గీత, పొలం అంటే బహుభుజి. రెండోది గళ్ళ కాగితం లాంటిది. ఉపగ్రహం తీసే చిత్రం ఇలా గళ్ళుగా ఉంటుంది. మన దేశం 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ అనే ఉపగ్రహాన్ని ఇందుకోసం పంపించింది. ఇలాంటి చిత్రాలను హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రంలో తయారు చేస్తారు. కంప్యూటరు గదిలో టీచర్ గారు ఇస్రో వారి భువన్ తెరిచి మాకు చూపించేరు. మన కొండలు పై నుండి చూస్తే నలిపిన ఆకుపచ్చ దుప్పటిలాగ ఉన్నాయి.

ఇక్కడ ముఖ్యమైన మాట. ఒక్కొక్క గడికి ఒక్కటే రంగు ఉంటుంది. లిస్-3 అనే కెమెరాలో ఒక గడి సుమారు 23.5 మీటర్ల చతురస్రం. అంటే సుమారు పదమూడున్నర సెంట్లు. అందులో సగం చోళ్ళు, సగం చెట్లు ఉంటే ఏ రంగు వెయ్యాలి? రెండూ కలిసిన రంగు పడుతుంది. 2019లో పంపిన కార్టోశాట్-3 ఒక మీటరు కన్నా చిన్న గళ్ళు చూడగలదు. కానీ ఎంత సన్నటి గడి అయినా పై నుండే చూస్తుంది. చెట్టు కింద ఏముందో దానికి కనబడదు.

పొలం చుట్టూ నడిచి కొలిచే జి.పి.ఎస్. మిషను వేరు. దానికి కనీసం నాలుగు ఉపగ్రహాల నుండి సంకేతం అందాలి. దట్టమైన చెట్ల కింద, రెండు కొండల మధ్య సంకేతం సరిగా అందక కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. పెద్ద చెరువుకి అది లెక్క కాదు. కానీ 20 మీటర్లకి 20 మీటర్ల చెక్క పది సెంట్లు ఉంటుంది. నాలుగు పక్కలా రెండున్నర మీటర్లు లోపలికి జరిగితే 15కి 15 అవుతుంది. అది అయిదున్నర సెంట్లే. దాదాపు సగం పోయింది!

మా తోట కథ

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాకు కొండవార భూమి ఉంది. తాత పోడు కొట్టిన భూమి. ఇప్పుడు అందులో కాఫీ ఉంది. కాఫీకి నీడ కావాలి కనుక పైన సిల్వరోకు చెట్లు, వాటికి మిరియం తీగలు. మధ్యలో గెడ్డ. పనసచెట్టు గెడ్డ అంటాం. గెడ్డకి ఇవతల ఒక చెక్క, అవతల ఒక చెక్క.

అటవీ హక్కుల పట్టా కోసం మా అయ్య అర్జీ పెట్టేడు. కొలిచేవాళ్ళు జి.పి.ఎస్. మిషను పట్టుకుని వచ్చేరు. ఆ రోజు వాన. జలగలు. గెడ్డ నిండుగా ఉంది. మిషను తెర మీద అవతల చెక్క అంతా ముదురు ఆకుపచ్చగా ఉంది. అది అడవే అనుకుని గెడ్డ దగ్గరే గీత ఆపేసేరు. అయ్యకి చదువు రాదు. చూపించిన చోట వేలిముద్ర వేసేడు.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు తాత ట్రంకు పెట్టెలోంచి ఆ కాయితం తీసేడు. "ఏటే పాపా, మీ అయ్య ఏలేసిన కాయితంలో ఏటుందో సదువు" అన్నాడు. నేను చదివేను. ఒక ఎకరం 60 సెంట్లు అని ఉంది. తాత, "మూడెకరాలు! మూడెకరాలు!" అని కేకలేసేడు. అయ్య ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయేడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మిషను అబద్ధం చెప్పిందని నాకు కోపం వచ్చింది. మర్నాడు నేనూ తమ్ముడూ 66 అడుగుల తాడు చేసి, మా భూమిని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచేం. తాత ముందు నడిచి హద్దులు చూపించేడు. పెద్ద మామిడి, నల్ల బండ, గెడ్డ మలుపు, పాత గట్టు. హెరాన్ సూత్రం తొమ్మిదో తరగతి లెక్కల్లో ఉంది కదా, అది వాడేను. ఉదాహరణకు ఒక త్రిభుజం భుజాలు 3, 4, 5 గొలుసులు అయితే వైశాల్యం 6 చదరపు గొలుసులు, అనగా 60 సెంట్లు. అన్నీ కలిపితే 2 ఎకరాల 35 సెంట్లు వచ్చింది.

గర్వంగా టీచర్ గారికి చూపించేను. ఆవిడ ఒక్కటే అడిగేరు: "తాడు వాలు వెంబడి పట్టేవా, మట్టంగా పట్టేవా?" నేను వాలు వెంబడి నేల మీద వేసేను. అది తప్పు. పటం భూమిని పై నుండి చదునుగా చూస్తుంది. 30 డిగ్రీల వాలులో 100 మీటర్లు నడిస్తే పటంలో 87 మీటర్లే. అందుకే కొండ మీద గొలుసుని మెట్లు మెట్లుగా, మట్టంగా పట్టి కొలవాలి. సంక్రాంతికి వెళ్ళి మళ్ళీ అలా కొలిచేం. 2 ఎకరాల 10 సెంట్లు వచ్చింది.

తాతకి చాలా కోపం వచ్చింది. "ఆళ్ళు తగ్గించేరు, ఇప్పుడు నువ్వూ తగ్గిస్తన్నావా?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. అయినా చెప్పేను: "తాతా, మనం తప్పు అంకె రాస్తే మన నిజం అంకె కూడా నమ్మరు." చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత "రాయి" అన్నాడు.

అటవీ హక్కుల నియమాలను 2012లో సవరించేరు. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగానే ఉండాలి గానీ వాటి బదులు కాదు అని అందులో ఉంది. ఊరి పెద్దల మాట రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. గట్లు, చదును చేసిన నేల కూడా సాక్ష్యమే. నేను గీసిన పటం, ఇద్దరు పెద్దల మాట, అర్జీ కలిపి గ్రామసభలో అటవీ హక్కుల కమిటీకి ఇచ్చేం. మళ్ళీ కొలుస్తామని చెప్పేరు. ఇంకా రాలేదు. అయ్య మాత్రం, "ఈసారి మిషను పట్టుకున్న బాబుతో నువ్వు కూడా నడు పాపా" అన్నాడు.

తేడాలు ఒకేచోట

1. కాగితం పటానికి ఒకటే స్కేలు. జి.ఐ.ఎస్.లో పెద్దదీ చిన్నదీ చేసుకోవచ్చు, కానీ ఎక్కించినంత వివరమే ఉంటుంది.
2. కాగితం పటంలో అన్నీ ఒకే బొమ్మలో కలిసి ఉంటాయి. జి.ఐ.ఎస్.లో పొరలుగా విడివిడిగా ఉంటాయి.
3. కాగితం పటంలో పేరు, గుర్తు ఉంటాయి. జి.ఐ.ఎస్.లో ప్రతి గుర్తు వెనక ఒక రిజిష్టరు ఉంటుంది.
4. కాగితం పటం మార్చాలంటే మళ్ళీ అచ్చు వెయ్యాలి. జి.ఐ.ఎస్.లో ఆ ఒక్క పొర దిద్దితే చాలు.
5. కాగితం పటానికి కరెంటు, కంప్యూటరు అక్కరలేదు. జి.ఐ.ఎస్.కి అవి కావాలి, నేర్చుకున్న మనిషి కావాలి.
6. రెండిటికీ ఒకటే పోలిక: మనిషి పెట్టనిది ఏదీ అందులో ఉండదు.

ఆరోదే నాకు ముఖ్యం. మా అవతల చెక్క కంప్యూటరులో లేకపోవడానికి కారణం, ఆ రోజు గెడ్డ దాటి ఎవరూ నడవకపోవడం. తాతకి హద్దులు తెలుసు, అంకె తెలియదు. మిషనుకి అంకె తెలుసు, హద్దు తెలియదు. ఇద్దరినీ కలిపి నడిపించడానికి చదువుకున్న మనం కావాలి.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు మీ ఊరి గెడ్డలు, ఊటలు, బాటలు, శ్మశానం, పెద్ద చెట్లు అన్నిటి పేర్లు ముసలివాళ్ళని అడిగి, మీ భాషలో ఎలా అంటారో అలాగే రాసుకుని రండి. మనం ఒక్కో ఊరికి ఒక్కో పొర చేద్దాం. వార్డెన్ మేడమ్ గారూ, దయచేసి మాకు ట్రేసింగు పేపర్లు ఇంకొన్ని ఇప్పించండి. ఇంట్లో ఎవరైనా వేలిముద్ర వేసిన కాయితం ఉంటే ముందు అది చదవండి.

ఆలోచించండి (జవాబులు చీటీ మీద రాసి గోడపత్రిక పెట్టెలో వెయ్యండి):

1. మీ పొలం ఒక పక్క 2 గొలుసులు, ఇంకో పక్క 3 గొలుసులు ఉన్న దీర్ఘచతురస్రం అయితే ఎన్ని సెంట్లు?
2. 50 వేలకు 1 స్కేలు పటంలో మన హాస్టలుకీ సంతకీ మధ్య 6 సెంటీమీటర్లు ఉంటే, నిజంగా ఎంత దూరం? నడిచే దారి అంతకన్నా ఎందుకు ఎక్కువ ఉంటుంది?

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని